గడియారము లేని ఆటకు గడియారము

1920 మే 1వ తేదీన బోస్టన్ నగరమునందు బ్రూక్లిన్ జట్టునకును, బోస్టన్ బ్రేవ్స్ జట్టునకును బేస్‌బాల్ పోటీ జరిగినది. 9 ఇన్నింగులతో ముగియవలసిన ఆట. ఆరవ ఇన్నింగు ముగియునప్పటికి ఇరుపక్షములకును ఒక్కొక్క పరుగు వచ్చినది. ఆ పిమ్మట ఎవరికిని పరుగు రాలేదు. సమానముగా నున్నంతవరకు ఆట సాగవలసినదే గనుక 26 ఇన్నింగులు సాగినది. తుదకు చీకటి పడుటచే అంపైరు ఆట నిలిపివేసెను. బ్రూక్లిన్ పక్షమున లియాన్ కేడోర్, బోస్టన్ పక్షమున జో ఓష్‌గర్ మొదటి బంతి నుండి కడపటి బంతి వరకు తామే విసరిరి. వారి భుజబలము అటుండనిండు. నన్ను ఆశ్చర్యపరచినది వేరొకటి. ఆ 26 ఇన్నింగులకు పట్టిన కాలము 3 గంటల 50 నిమిషములు మాత్రమే!

నూరేండ్ల పిమ్మట, 2021లో, అమెరికా మేజర్ లీగులలో 9 ఇన్నింగుల ఆటకే సగటున 3 గంటల 10 నిమిషములు పట్టెను.

ఈ కాలమంతయు ఎచ్చట వ్యయమైనది? క్రికెట్‌లో బౌలరు వంటివాడు ఇందులో పిచ్చరు. బంతికిని బంతికిని నడుమ అతడు టోపీ సవరించుకొనును. బ్యాటరు ప్రక్కకు తొలగి చేతితొడుగులు బిగించుకొనును. ఆట జరుగుచున్నట్లే యుండును గాని ఏమియు జరుగదు. అందుచేత 2023లో మైదానమున గడియారము పెట్టిరి. బేసులపై ఎవరును లేనిచో 15 సెకండ్లలో, ఉన్నచో 20 సెకండ్లలో పిచ్చరు బంతి విసరవలెను (రెండవ గడువును 2024లో 18కి తగ్గించిరి). పిచ్చరు ఆలస్యము చేసినచో ఒక దోషపు బంతి లెక్కకు చేరును. బ్యాటరు సకాలమున సిద్ధము కానిచో అతనిపై ఒక స్ట్రయికు పడును. ఆ యేడే సగటు ఆట సుమారు 2 గంటల 40 నిమిషములకు దిగినది.

సంప్రదాయవాదులు నొచ్చుకొనిరి. గోళీలాటలో నియమము మార్చినను బడిపిల్లలకు ఒక పూట తగవు తప్పదు గదా! ఫుట్‌బాల్ వలె నిమిషములతో ముగియు ఆట కాదిది. చివరి బ్యాటరు అవుటగు వరకు ఓడుచున్న జట్టునకు ఆశ యుండును. ఈ మాట నిజమే. కాని గడియారము ఆ ఆశను ముట్టలేదు. పైగా, బేసులు ఖాళీగా నున్నప్పుడు 12 సెకండ్లలో బంతి విసరవలెనను నియమము పూర్వమే గ్రంథస్థమై యుండెను. దానిని అమలు జరుపుట మాత్రము దాదాపు మానివేసిరి. కేడోర్ కాలపు వేగము సంప్రదాయమా, నిన్న మొన్నటి మందగమనము సంప్రదాయమా?

ఈ ఆట తరతరమునకు మారుచునే వచ్చినది. నాలుగు దోషపు బంతులకు బ్యాటరును మొదటి బేసుకు పంపు నియమము 1889లో వచ్చినది. అంతకు పదేండ్ల ముందు ఆ సంఖ్య 9. పిచ్చరు నిలుచు 60 అడుగుల 6 అంగుళముల దూరము 1893 నాటిది. 1968లో బాబ్ గిబ్సన్ సగటున 9 ఇన్నింగులకు, ఫీల్డర్ల పొరపాట్లచే వచ్చినవి గాక, 1.12 పరుగులు మాత్రమే యిచ్చెను. మరుసటి యేడు పిచ్చరు దిబ్బ యెత్తును 15 అంగుళముల నుండి 10కి తగ్గించిరి.

మార్పులలో నాకు మిక్కిలి నచ్చినది ఉమ్ము పూసి బంతి విసరుటను మానిపించిన తీరు. 1920లో నిషేధము ఆరంభమైనది. కాని ఆ విద్యనే నమ్ముకొని బ్రదుకుచున్న 17 మంది పిచ్చర్లకు, వారు విరమించు వరకు మినహాయింపు నిచ్చిరి. వారిలో కడపటివాడు బర్లీ గ్రైమ్స్ 1934 వరకు ఆడెను. నియమము మారినది, నేర్చిన విద్య కారణముగా ఒకని కూడు పోలేదు.

అయితే ప్రతి మార్పును మెచ్చుకొనలేను. 2020లో మరియొక నియమము వచ్చినది. 9 ఇన్నింగులకు ఆట తేలనిచో, పిమ్మటి ప్రతి ఇన్నింగును రెండవ బేసుపై ఒక ఆటగానిని ఉంచియే ఆరంభింతురు. మహమ్మారి దినములకై వచ్చినది 2023లో శాశ్వతమైనది. అతడు బంతి కొట్టలేదు, పరుగెత్తలేదు. ఆ బేసు అతనికి ఊరక వచ్చినది. ప్రతి బేసును సంపాదించుకొనవలెననుట ఈ ఆటకు ప్రాణము. గడియారము ఆటగాని సోమరితనమును కోసినది. ఈ నియమము ఆటనే కోసినది.

నిర్వాహకులకును ఈ శంక యున్నదేమో! సీజను అనంతరపు పోటీలలో ఈ నియమమును వారు అమలు చేయరు. 2025 అక్టోబరులో లాస్ ఏంజలెస్‌లో డాడ్జర్స్, టొరంటో బ్లూ జేస్ జట్లకు జరిగిన వరల్డ్ సిరీస్ మూడవ ఆటలో రెండవ బేసుపై ఎవరిని ఉంచలేదు. ఆట 18 ఇన్నింగులు, 6 గంటలకు పైగా సాగినది. అర్ధరాత్రి సమీపించుచుండగా ఫ్రెడ్డీ ఫ్రీమన్ కొట్టిన హోమ్‌రన్‌తో ముగిసినది.