3.4 ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌ల పనితీరు: ఒక పోలిక

డెస్క్‌టాప్‌లో సాధారణంగా 3.5 అంగుళాల హార్డ్ డిస్క్, ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ వాడతారు. ఈ భాగం చదివిన తరువాత వాటి వేగంలో తేడాకు కారణాలను మీరు వివరించగలుగుతారు. మీ అవసరానికి తగినదాన్ని ఎంచుకోగలుగుతారు.

3.4.1 వేగం

డెస్క్‌టాప్ డిస్క్ ఎక్కువగా నిమిషానికి 7,200 సార్లు, ల్యాప్‌టాప్ డిస్క్ 5,400 సార్లు తిరుగుతాయి. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అంటే మొదటిదానికి 4.2, రెండోదానికి 5.6 మిల్లీసెకన్లు. హెడ్ సరైన ట్రాక్‌కు చేరే సమయం వరసగా 9, 12 మిల్లీసెకన్లు అనుకుందాం. అప్పుడు ఒక్కొక్కసారి చదవడానికి 13.2, 17.6 మిల్లీసెకన్లు అవుతుంది. చెల్లాచెదురుగా ఉన్న 1,000 చోట్ల నుంచి చదివితే తేడా 4 సెకన్లు దాటుతుంది.

వీడియో పాఠం వంటి పెద్ద ఫైలు వరసగా ఉంటే వెతుకులాట తక్కువ. అక్కడ పళ్లెం వ్యాసం ముఖ్యం. సమాచార సాంద్రత ఒకటే అయితే, పెద్ద పళ్లెం అంచున ఒక్క చుట్టులో ఎక్కువ సమాచారం అందుతుంది.

3.4.2 నెమ్మదికి కారణం

ల్యాప్‌టాప్ డిస్క్ బ్యాటరీని పొదుపుగా వాడాలి, తక్కువ వేడెక్కాలి, కుదుపులను తట్టుకోవాలి. అందుకే అది 5 వోల్టులతోనే పనిచేస్తుంది. డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టులు కూడా కావాలి. నెమ్మదితనం లోపం కాదు, ఆ అవసరాలకు చెల్లించిన మూల్యం.

3.4.3 ఉదాహరణ: గోదావరిఖని

మీరు రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఉంటే వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు మీకు తెలుసు. చాలా డిస్క్‌లకు తయారీదారులు సూచించే గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలు. డిస్క్ గాలి రంధ్రానికి వడపోత ఉంటుంది కనుక బొగ్గు ధూళి లోపలి పళ్లేల దాకా చేరడం అరుదు. కానీ అది కంప్యూటర్ ఫ్యాన్‌ను, గాలి దారులను మూసి వేడిని పెంచుతుంది. వాటిని తరచు శుభ్రం చేయండి. షిఫ్టు ముగించుకుని ల్యాప్‌టాప్‌తో అధ్యయన కేంద్రానికి వెళ్లేవారు దాన్ని ఆపివేశాకే సంచిలో పెట్టాలి.

తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి వెతుకులాట సమయం దాదాపు 0.1 మిల్లీసెకను. పాత ల్యాప్‌టాప్‌ను వేగవంతం చేయడానికి ఇదే మేలు. ఏ డిస్క్ వాడినా మీ ప్రాజెక్టు పనికి మరోచోట ప్రతి ఉంచుకోండి. వేగం పోతే ఆలస్యం, ప్రతి లేకపోతే ఏడాది శ్రమ పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

నిమిషానికి 10,000 సార్లు తిరిగే డిస్క్‌కు అర చుట్టు సమయం ఎంత?

జవాబు: 3 మిల్లీసెకన్లు.