పనికిరాని యంత్రం ఎవరికి?

ఆఫీసులు వాడి వదిలేసిన కంప్యూటర్లే మన వాడల పఠనాలయాలకు చేరుతున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 కావాలి. అవి లేని యంత్రం పనికిరానిదట! ఈ ముద్ర వేసే అధికారం ఎవరిదన్నది మనకు పాత ప్రశ్నే.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ దీనికొక జవాబు. దాని లోపలి రాతను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. చదువును దాచిపెట్టి పెత్తనం చేసిన సమాజంలో ఇది చిన్న విషయం కాదంటాం.

పని కష్టమేం కాదు. డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది గనుక ముందు ఫైళ్లు వేరేచోట దాచాలి. ప్రాసెసర్ 32 బిట్లదా, 64 బిట్లదా చూడాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను 32 బిట్ల యంత్రాల్లో కొత్తగా ఎక్కించలేం. వాటికి డెబియన్ 12 ఆధారంగా చేసిన యాంటీఎక్స్ 23 ఉంది. ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్ వంటి ప్రోగ్రాముతో రాయాలి. తర్వాత బూట్ వరుసలో యూఎస్‌బీని ముందు పెట్టాలి. వెంటనే ఇన్‌స్టాల్ చేయొద్దు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, శబ్దం, తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

1 జీబీ ర్యామ్‌తో కరపత్రం రాసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు. వెబ్ పేజీలు నాలుగైదు ఒక్కసారే తెరిస్తే మాత్రం మొరాయిస్తుంది. ఇది దాచకుండా చెప్పాలి.

అసలు సంగతి చివర్లో ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఒక్క మగపిల్లాడి జేబులో ఉండిపోతే కొత్త కరణం తయారైనట్టే. ఆడపిల్లల చేత కూడా ఈ పని మొదటినుంచీ చేయించాలి. అప్పుడే యంత్రం వాడది అవుతుంది.