5 వారాల్లో సైనికుడు తయారవుతాడా? ఉక్రెయిన్ కోసం బ్రిటన్ నడుపుతున్న ‘యుద్ధ బడి’ కథేంటి!

నిన్నటిదాకా లారీ తోలుకున్నవాళ్లు, బడిలో పాఠాలు చెప్పినవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసుకున్నవాళ్లు. వయసు 18 నుంచి 60 మధ్య ఎంతైనా కావచ్చు. చాలామంది జన్మలో తుపాకీ పట్టి ఎరుగరు. అలాంటివాళ్లను బ్రిటన్ తీసుకెళ్లి, 5 వారాల పాటు శిక్షణ ఇచ్చి, మళ్లీ ఉక్రెయిన్‌కు పంపిస్తున్నారు. 2022 వేసవిలో మొదలైన ఈ కార్యక్రమంలో ఇప్పటికే 50 వేల మందికి పైగా శిక్షణ పూర్తి చేశారు. దీని పేరు ఆపరేషన్ ఇంటర్‌ఫ్లెక్స్.

ట్యాంకులు ఇచ్చారు, క్షిపణులు పంపారు అనే వార్తలు రోజూ చూస్తూనే ఉంటాం. కానీ వాటిని వాడే మనిషి ఎక్కడి నుంచి వస్తున్నాడు? వాడికి ఎవరు నేర్పుతున్నారు? ఆ నేర్పింది యుద్ధంలో పనికొస్తోందా? అసలు ప్రశ్న ఇదే. ఉక్రెయిన్‌కు ఇప్పుడు ఆయుధాల కంటే మనుషుల కొరతే పెద్ద సమస్య అయింది మరి.

సొంత దేశంలో ఎందుకు నేర్పడం లేదు?

నిజానికి మొదట్లో అక్కడే నేర్పారు. 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకుంది. ఆ మరుసటి ఏడాదే బ్రిటన్ ‘ఆపరేషన్ ఆర్బిటాల్’ పేరుతో తన శిక్షకులను ఉక్రెయిన్ పంపింది. 2022 ఫిబ్రవరి దాకా 22 వేల మందికి పైగా ఉక్రెయిన్ సైనికులకు వాళ్లు తర్ఫీదు ఇచ్చారు. అమెరికా, కెనడా శిక్షకులు కూడా అక్కడే ఉండేవారు. పోలండ్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న యావొరీవ్ శిక్షణ కేంద్రం వీళ్లందరికీ ప్రధాన అడ్డా.

యుద్ధం తప్పదని తేలగానే ఈ దేశాలన్నీ తమ మనుషులను వెనక్కి రప్పించుకున్నాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. మూడు వారాలు తిరక్కుండానే, మార్చి 13న యావొరీవ్ మీదే క్షిపణుల వర్షం కురిసింది. 35 మంది చనిపోయారని, 130 మందికి పైగా గాయపడ్డారని ఉక్రెయిన్ అధికారులు ప్రకటించారు. యుద్ధరంగానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటే ఇలా జరిగితే, ఇక వేల మందిని ఒకచోట చేర్చి కవాతు చేయించేదెక్కడ?

ఆ భయం ఉత్తది కాదని తర్వాత కూడా తేలింది. 2024 సెప్టెంబర్ 3న పొల్టావాలో సైనిక విద్యాసంస్థ మీద క్షిపణి పడింది. 50 మందికి పైగా బలయ్యారు. 2025 జూన్ 1న నిప్రో ప్రాంతంలోని ఒక శిక్షణ మైదానం మీద దాడి జరిగి 12 మంది సైనికులు చనిపోతే, దానికి బాధ్యత వహిస్తూ ఉక్రెయిన్ పదాతి దళాల అధిపతి మిఖైలో ద్రాపాతీ రాజీనామాకు సిద్ధపడ్డారు. శిక్షణలో ఉన్న కుర్రాళ్లు యుద్ధరంగం మొహం చూడకముందే చనిపోవడం.. ఏ సైన్యానికైనా ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

బ్రిటన్ మైదానాలకు దక్కిన ప్రాధాన్యం వెనుక ఉన్నది ఇదే. అక్కడికి రష్యా క్షిపణి రాదు. వస్తే అది నాటోతో యుద్ధమే.

జాన్సన్ మాట.. ఇంటర్‌ఫ్లెక్స్ బాట

2022 జూన్ 17న అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ కీవ్ వెళ్లారు. ప్రతి 120 రోజులకు 10 వేల మంది సైనికులకు శిక్షణ ఇస్తామని జెలెన్‌స్కీకి చెప్పారు. చెప్పినంత పనీ చేశారు. కొద్ది రోజుల్లోనే మొదటి బ్యాచ్ బ్రిటన్‌లో దిగింది.

మొదట మూడు వారాల కోర్సుగా పెట్టారు. చాలదని త్వరలోనే 5 వారాలు చేశారు. తుపాకీ పట్టడం, గురి చూసి కాల్చడం, గస్తీ తిరగడం, కందకాల్లోకి చొరబడటం, యుద్ధంలో పాటించాల్సిన అంతర్జాతీయ నియమాలు.. ఇవీ పాఠాలు. బ్రిటన్ సైన్యం వాడే రైఫిల్ వేరు, ఉక్రెయిన్ సైనికుడి చేతిలో ఉండే రైఫిల్ వేరు. అందుకని బ్రిటన్ ప్రత్యేకంగా ఏకే రకం రైఫిళ్లను కొని తెప్పించింది. రేపు యుద్ధంలో ఏది పట్టుకోవాలో ఇక్కడా అదే పట్టుకోవాలన్నమాట! ప్రతి మాటా దుబాసీ ద్వారానే. శిక్షకుడు ఇంగ్లిష్‌లో చెబితే, పక్కనున్న దుబాసీ ఉక్రెయిన్ భాషలో చెప్పాలి. వెళ్లేటప్పుడు యూనిఫాం, హెల్మెట్, ఒంటి కవచం, చలి బట్టలు ఇచ్చి పంపుతారు.

అన్నిటికంటే ప్రథమ చికిత్స పాఠం చాలా కీలకం. చేతికో కాలికో ముక్క తగిలి రక్తం కారిపోతుంటే, అంబులెన్స్ వచ్చేదాకా ఆగే వీలుండదు. టార్నికేట్ పట్టీని నిమిషాల్లో బిగించాలి. అవసరమైతే ఒంటి చేత్తో తనకు తానే కట్టుకోవాలి. గాయపడినవాళ్లను బయటికి తేవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతున్న ఈ యుద్ధంలో, తుపాకీ కాల్చడం కంటే ఈ పట్టీ కట్టడమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతోందంటే అతిశయోక్తి కాదు.

బ్రిటన్ ఒక్కటే ఈ పని చేయడం లేదు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, నెదర్లాండ్స్, లిథువేనియా లాంటి దేశాల శిక్షకులు కూడా బ్రిటన్ వచ్చి నేర్పారు. యూరోపియన్ యూనియన్ 2022 నవంబర్‌లో వేరుగా ఇంకో శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. పోలండ్, జర్మనీలు దానికి కేంద్రాలు. అందులో శిక్షణ పొందినవాళ్ల సంఖ్య ఇంటర్‌ఫ్లెక్స్‌నూ దాటిపోయింది.

ఇంతకీ 5 వారాలు చాలుతాయా?

చాలవు. ఈ మాట శిక్షకులకూ తెలుసు, నేర్చుకునేవాళ్లకూ తెలుసు. బ్రిటన్ తన సొంత పదాతి సైనికుడిని తయారు చేయడానికి సుమారు ఆరు నెలలు తీసుకుంటుంది. ఉక్రెయిన్‌కు అంత సమయం లేదు. అందుకే ఈ కోర్సును పూర్తి సైనికుడిని తయారు చేసేదిగా చూడకూడదు. మొదటి కొన్ని రోజులు బతికి బయటపడే నేర్పు ఇచ్చేదిగా చూడాలి.

అసలు చిక్కు సమయం దగ్గర లేదు, పాఠం దగ్గర ఉంది. పాశ్చాత్య సైన్యాలు గత ఇరవై ఏళ్లలో చేసినవి ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలు. అక్కడ ఆకాశం వాళ్లదే. శత్రువుకు విమానాల్లేవు, వేలాది డ్రోన్లు లేవు, భారీ ఫిరంగులు లేవు. ఉక్రెయిన్‌లో కథ పూర్తిగా వేరు. కందకం నుంచి తల ఎత్తితే చాలు, పైన డ్రోన్ తిరుగుతూ ఉంటుంది.

ఇది 2023 జూన్‌లో బయటపడింది. ఆ వేసవి ఎదురుదాడి కోసం పశ్చిమ దేశాల్లో తర్ఫీదు పొందిన కొత్త బ్రిగేడ్లను, లెపర్డ్ ట్యాంకులు, బ్రాడ్లీ వాహనాలతో సహా, జపోరిజ్జియా ప్రాంతంలో దించారు. ఎదురుగా రష్యా పరిచిన మందుపాతరల మైదానాలు. ట్యాంకులు, పదాతి దళం, ఫిరంగులు కలిసికట్టుగా దూసుకెళ్లాలన్నది నాటో పాఠం. ఆ పాఠంలో పైన విమానాల అండ ఉంటుందని ముందే అనుకుంటారు. ఉక్రెయిన్‌కు ఆ అండే లేదు. మందుపాతరలు తీస్తూ నెమ్మదిగా కదిలిన వాహనాలు హెలికాప్టర్లకు, డ్రోన్లకు, ఫిరంగులకు దొరికిపోయాయి. చివరికి ఉక్రెయిన్ సైనికులు నేర్చుకున్నది పక్కనపెట్టి, చిన్న చిన్న గుంపులుగా కాలినడకన వెళ్లాల్సి వచ్చింది. తప్పంతా శిక్షణదేనని చెప్పలేం. కానీ విమానాలు లేని సైన్యానికి విమానాలున్న సైన్యం పాఠం చెప్పడం ఎంతవరకు సబబు అనే ప్రశ్న అప్పటి నుంచీ ఉంది.

ఆ తర్వాత బ్రిటన్ కోర్సు మారుతూ వచ్చింది. కందకాల పోరు, డ్రోన్ల నుంచి దాక్కోవడం లాంటివాటికి చోటు పెరిగింది. నేరుగా యుద్ధం చేసి వచ్చిన ఉక్రెయిన్ సైనికుల అనుభవాన్ని పాఠాల్లో కలిపారు. సెక్షన్లను నడిపే కింది స్థాయి నాయకులకు వేరుగా కోర్సు పెట్టారు. ఇక్కడో విచిత్రం చెప్పుకోవాలి. గురువులుగా వెళ్లినవాళ్లే ఇప్పుడు శిష్యుల దగ్గర నేర్చుకుంటున్నారు. డ్రోన్ యుద్ధం గురించి ఉక్రెయిన్ సైన్యానికి తెలిసినంత ఏ నాటో సైన్యానికీ తెలియదు మరి!

ఫ్రాన్స్ తయారు చేసిన బ్రిగేడ్‌లో ఏం జరిగింది?

శిక్షణ బాగున్నా, ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది ఇంకో సమస్య. 155వ బ్రిగేడ్ దానికి ఉదాహరణ. ‘ఆన్ ఆఫ్ కీవ్’ అని దానికి పేరు పెట్టారు. వెయ్యేళ్ల కిందట కీవ్ నుంచి వెళ్లి ఫ్రాన్స్ రాణి అయిన యువరాణి పేరది. 2024లో సుమారు 2,300 మందికి ఫ్రాన్స్ తన గడ్డ మీద శిక్షణ ఇచ్చింది. సీజర్ ఫిరంగులు ఇచ్చింది. అధ్యక్షుడు మాక్రాన్ స్వయంగా వెళ్లి చూసి వచ్చారు.

తీరా చూస్తే.. యుద్ధంలోకి దిగకముందే ఆ బ్రిగేడ్ నుంచి సుమారు 1,700 మంది చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారని ఉక్రెయిన్ జర్నలిస్టు యూరీ బుతుసోవ్ బయటపెట్టారు. వాళ్లలో కొన్ని పదుల మంది ఫ్రాన్స్‌లో ఉండగానే జారుకున్నారు. ఉక్రెయిన్ దర్యాప్తు సంస్థ కేసు పెట్టి విచారణ మొదలుపెట్టింది. లోపం ఫ్రాన్స్ పాఠాల్లో లేదు. బ్రిగేడ్‌ను తయారు చేస్తూనే అందులోని అనుభవజ్ఞులను వేరే యూనిట్ల ఖాళీలు పూడ్చడానికి లాగేశారు. వాళ్ల స్థానంలో అప్పుడే పట్టుకొచ్చిన కొత్తవాళ్లను నింపారు. డ్రోన్లు కూడా సరిపడా ఇవ్వలేదు. ఒకరినొకరు ఎరగని మనుషులు, నమ్మకం లేని నాయకత్వం, ఎదురుగా పోక్రోవ్‌స్క్ లాంటి భీకర యుద్ధరంగం. ఎవరు నిలబడతారు?

సైన్యంలో చేర్చుకునే కనీస వయసును 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ 27 నుంచి 25కు తగ్గించింది. అయినా ఖాళీలు నిండటం లేదు. బ్రిటన్ ఎన్ని వేల మందికి నేర్పగలదన్నది ఇప్పుడు ప్రశ్న కాదు, నేర్పడానికి ఉక్రెయిన్ ఎంతమందిని పంపగలదన్నదే ప్రశ్న.

శిక్షణ ఇస్తే యుద్ధంలో దిగినట్టేనా?

ఉక్రెయిన్ నాటో సభ్య దేశం కాదు. బ్రిటన్‌కు దాని తరఫున యుద్ధం చేయాల్సిన ఒప్పందమేదీ లేదు. కాబట్టి సాయం చేయాలి, కానీ యుద్ధంలోకి దిగకూడదు. ఈ గీత ఎక్కడుంది?

ఆయుధాలు ఇచ్చినంత మాత్రాన ఒక దేశం యుద్ధంలో భాగం కాదన్నది చాలామంది న్యాయ నిపుణుల మాట. శిక్షణ సంగతి మాత్రం కొంచెం తిరకాసు. జర్మనీ పార్లమెంట్ పరిశోధన విభాగం 2022 మార్చిలో ఇచ్చిన నివేదికలో, ఆయుధాలతో పాటు వాటిని వాడటం కూడా నేర్పితే ‘యుద్ధంలో లేము’ అనే గట్టి నేల మీద నుంచి పక్కకు జరిగినట్టేనని హెచ్చరించింది. అయినా జర్మనీ కూడా ఆ తర్వాత శిక్షణ ఇచ్చింది, ఇస్తూనే ఉంది.

భారతీయులకు ఈ చర్చ కొత్తేమీ కాదు. 1971లో ముక్తివాహిని యోధులకు సరిహద్దు శిబిరాల్లో భారత సైన్యమే తర్ఫీదు ఇచ్చింది. డిసెంబర్‌లో నేరుగా యుద్ధం మొదలయ్యే నాటికి నెలల తరబడి అదే జరిగింది.

2023 సెప్టెంబర్ చివర్లో బ్రిటన్ రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ ఒక ఇంటర్వ్యూలో, శిక్షణను ఉక్రెయిన్ లోపలికే మార్చే ఆలోచన గురించి మాట్లాడారు. అంతే! అలా వెళ్లే బ్రిటిష్ సైనికులు తమకు న్యాయమైన లక్ష్యాలేనని రష్యా మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ హెచ్చరించారు. వెంటనే ప్రధాని రిషి సునాక్ రంగంలోకి దిగి, ఇప్పటికిప్పుడు అలాంటిదేమీ లేదని చెప్పాల్సి వచ్చింది.

ట్యాంకులు, క్షిపణులు, డబ్బు

ఆయుధాల విషయంలో బ్రిటన్ చాలాసార్లు మిగతావాళ్ల కంటే ముందడుగు వేసింది. యుద్ధానికి ముందే, 2022 జనవరిలో, భుజం మీద పెట్టుకుని పేల్చే ఎన్‌లా యాంటీ ట్యాంక్ క్షిపణులను 2 వేల దాకా పంపింది. కీవ్ వైపు వచ్చిన రష్యా ట్యాంకుల వరసలను ఆపడంలో వాటి పాత్ర ఉంది. 2023 జనవరిలో 14 చాలెంజర్-2 ట్యాంకులు ఇస్తామని ప్రకటించింది. సంఖ్య చిన్నదే కానీ, పది రోజుల తర్వాత జర్మనీ లెపర్డ్‌లకు, అమెరికా అబ్రామ్స్‌లకు ఒప్పుకున్నాయి. అదే ఏడాది ఫిబ్రవరి 8న జెలెన్‌స్కీ బ్రిటన్ వచ్చి, డోర్సెట్‌లోని లుల్‌వర్త్ శిబిరంలో ట్యాంకులు నేర్చుకుంటున్న తన సైనికులను సునాక్‌తో కలిసి చూశారు. మే నెలలో 250 కిలోమీటర్లకు పైగా వెళ్లే స్టార్మ్ షాడో క్షిపణులు వచ్చాయి.

సైనిక సాయం కింద ఏడాదికి 300 కోట్ల పౌండ్లు, అంటే 30 వేల కోట్ల రూపాయలకు పైనే, ఇస్తామని బ్రిటన్ మాట ఇచ్చింది. 2025 జనవరి 16న కీర్ స్టార్మర్ కీవ్ వెళ్లి వందేళ్ల భాగస్వామ్య ఒప్పందం మీద సంతకం చేశారు.

ఆ వెంటనే అమెరికా సంగతి మారిపోయింది. ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో ట్రంప్, జెలెన్‌స్కీ మధ్య కెమెరాల ముందే గొడవ జరిగింది. మార్చి మొదటి వారంలో అమెరికా ఆయుధ సాయాన్ని, నిఘా సమాచారాన్ని ఆపేసింది. వారం తర్వాత పునరుద్ధరించినా, అందరికీ ఒక విషయం అర్థమైంది. ఆయుధాల కుళాయిని ఒక్క ఫోన్ కాల్‌తో కట్టేయొచ్చు. ఒకసారి నేర్పిన విద్యను వెనక్కి లాక్కోలేరు.

తెలుగువాళ్లకూ ఈ యుద్ధంలో శిక్షణ అనే మాట ఒక చేదు జ్ఞాపకమే. రష్యా సైన్యంలో హెల్పర్ ఉద్యోగాలని ఏజెంట్లు నమ్మించి తీసుకెళ్లిన భారతీయ యువకుల్లో హైదరాబాద్ కుర్రాడు ఒకరు 2024లో ప్రాణాలు కోల్పోయారు. అలా వెళ్లినవాళ్లలో చాలామందికి నామమాత్రపు తర్ఫీదు ఇచ్చి యుద్ధరంగానికి తోసేశారని కుటుంబాలు మొత్తుకున్నాయి.

ఇక ఇంటర్‌ఫ్లెక్స్ విషయానికొస్తే, 2025 ఆగస్టులో ఉక్రెయిన్ స్వాతంత్ర్య దినోత్సవం నాడు బ్రిటన్ ప్రభుత్వం దీన్ని 2026 చివరిదాకా పొడిగించింది. కాల్పుల విరమణ కుదిరితే శిక్షకులు ఉక్రెయిన్‌కే వెళ్లి నేర్పాలన్న ప్రతిపాదన మీద లండన్, పారిస్ చర్చలు జరుపుతున్నాయి. నాటో దేశాల సైనికులు ఏ రూపంలో వచ్చినా ఒప్పుకునేది లేదని మాస్కో చెబుతోంది.