గాలివానలో లేని భార్య

చెన్నైలో కథకులకు ముడిసరుకు కరువు లేదు. సెంట్రల్ స్టేషన్లో విజయవాడ వైపు వెళ్లే రైలు కోసం కూర్చున్నవాళ్లనూ, పానగల్ పార్కు బెంచీల మీద కబుర్లాడుకునేవాళ్లనూ ఓ గంట గమనిస్తే చాలు. చిక్కంతా ఆ తర్వాతే. ఎదురైన మనిషికి పేరు మార్చి, ఊరు మార్చి, జరిగింది జరిగినట్టు దించేస్తే కథ అవుతుందని చాలామంది నమ్మకం. నా లెక్కలో అసలు మారవలసింది ఆ మనుషుల మధ్య ఉన్న సంబంధం. అందుకు పాలగుమ్మి పద్మరాజును మించిన సాక్ష్యం మనకు లేదు. తర్వాతి రోజుల్లో మద్రాసు చేరి 'బంగారు పాప' వంటి సినిమాలకు రాసిన ఈయన ఇల్లు ఒకసారి పెనుగాలికి కూలిపోయింది. లోపల ఆయనా, భార్యా నిద్రలో ఉన్నారు. ఆమె చనిపోయిందనే అనుకున్నారు. బతికే ఉందని తెలిశాక కలిగిన ఉద్వేగమే 'గాలివాన' కథకు బీజం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. చిత్రమేమిటంటే, కథలో ఆ ఇల్లూ లేదు, ఆ భార్యా లేదు. ఉన్నది నియమాల మనిషి రావుగారు, ఒక బిచ్చగత్తె, తుపానులో చిక్కుకున్న రైల్వే స్టేషను. భార్య బతికితే ఏ భర్తయినా సంతోషిస్తాడు, అందులో తేలవలసిన సంగతేమీ లేదు. తాను చీదరించుకున్న మనిషి పక్కనే ప్రాణభయంతో ఒదగవలసి వచ్చినప్పుడు మాత్రం రావుగారి సూత్రాలకు పరీక్ష మొదలవుతుంది.

పైపై మార్పులతో సరిపెడితే ఏమవుతుందో రష్యన్ కథకుడు చెహోవ్‌ను అడగాలి. 1892లో అచ్చయిన ఒక కథలో ఆయన తనకు తెలిసినావిడనే నాయికను చేసి, వయసునూ, రూపాన్నీ మార్చారు గానీ భర్తను డాక్టరుగా, ప్రియుణ్ణి చిత్రకారుడిగా అలాగే ఉంచేశారు. ఆయన స్నేహితుడు, చిత్రకారుడు లెవితాన్ అందులో తనను పోల్చుకుని, సుమారు మూడేళ్లు ఆయనతో మాట మానేశాడు. జుట్టు రంగు మారిస్తే స్నేహితులు మోసపోరు మరి!

ఇంతగా మార్చేస్తే నిజం ఎక్కడ మిగులుతుందని అడగవచ్చు. పద్మరాజు విషయంలో మిగిలింది ఆ భయం, చావు అంచున సాటి మనిషి ఒంటి వెచ్చదనం. ఆయనకు ఎదురైనదాంట్లో కథకు పనికొచ్చింది అంతే. జరిగింది జరిగినట్టే చెప్పాలనుకుంటే ఆత్మకథ ఉంది. ముళ్లపూడి వెంకటరమణ రెండు దారులూ నడిచారు. ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి'లో మనుషులు సొంత పేర్లతోనే వస్తారు. 'ఋణానందలహరి'లో అప్పులు చేసే అప్పారావుకు మాత్రం ఫలానా వ్యక్తి అనే చిరునామా అక్కర్లేదు, చదివిన ప్రతివాడికీ ఇలాంటి అప్పారావు ఒకడు తెలుసు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: పేదవాళ్లకు జరిగిన అన్యాయాన్ని మార్చి రాస్తే, చేసినవాణ్ణి దాచినట్టు కాదా? అవును, దాచినట్టే. జీతం ఎగ్గొట్టిన యజమాని సంగతి బయటపడాలంటే పనిమనిషి సమ్మతితో, ఆధారాలతో పత్రికకు వార్త రాయాలి. ఆ పని కథకు అప్పగిస్తే యజమాని కల్పన అంటూ తప్పించుకుంటాడు, ఇరుగుపొరుగు పోల్చుకునేది పనిమనిషినే.