ఊపిరితిత్తుల క్యాన్సర్‌: శ్వాసలో తొలి జాడ కోసం అన్వేషణ

క్యాన్సర్లలో అత్యధిక ప్రాణాలను బలిగొంటున్నది ఊపిరితిత్తుల క్యాన్సరే. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 18 లక్షల మంది ఈ వ్యాధితో మరణించినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. తొలి దశలో లక్షణాలు బయటపడకపోవడం ఇందుకు ముఖ్య కారణం. మన దేశంలో కొందరి దగ్గును క్షయగా పొరబడటంతో చికిత్సలో మరింత జాప్యం జరుగుతోంది.

ఈ జాప్యాన్ని నివారించేందుకు శాస్త్రవేత్తలు రోగి శ్వాసను పరిశీలిస్తున్నారు. మనిషి విడిచే గాలిలో సుమారు 250 పదార్థాలు ఆవిరి రూపంలో ఉన్నట్లు 1971లో లైనస్ పాలింగ్ బృందం గుర్తించింది. క్యాన్సర్ కణాల జీవక్రియ భిన్నమైనది కావడంతో ఈ పదార్థాల పాళ్లు మారతాయి. 1999లో అమెరికా పరిశోధకులు 22 పదార్థాల ఆధారంగా రోగులను వేరుగా గుర్తించగలిగారు.

అయితే పొగతాగడం, ఆహారం, గదిలోని గాలి సైతం ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. అందువల్ల వ్యాధి నిర్ధారణకు స్కాన్‌, కణజాల పరీక్షలే నేటికీ ప్రామాణికం. అధికంగా పొగతాగేవారిలో, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ మోతాదు సీటీ స్కాన్ వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గినట్లు 2011లో అమెరికా అధ్యయనం తేల్చింది. ఆ స్కాన్ ఎవరికి అవసరమో ముందుగా సూచించగలిగితే శ్వాస పరీక్ష ఎంతో మేలు చేస్తుంది. అంతవరకు, దగ్గు మూడు వారాలు దాటినా, కఫంలో రక్తం కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి.