ఖాకీ వేసుకోని కాపలాదారులు

భార్యను చంపి లండన్ నుంచి పరారైన డాక్టర్ క్రిప్పెన్ ఆచూకీ 1910 జులైలో చెప్పింది ఒక ఓడ కెప్టెన్. మాంట్రోజ్ ఓడలో కెనడా వెళ్తున్న ఒక తండ్రీకొడుకుల మీద ఆ కెప్టెన్ హెన్రీ కెండాల్‌కు అనుమానం వచ్చింది. అంత ఎదిగిన కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని తిరగడమేంటి? ప్యాంటు వెనక చిరుగుకు ఆ పిన్నీసులేంటి? ఆ ‘కొడుకు’ మగవేషంలో ఉన్న క్రిప్పెన్ ప్రియురాలు! కెండాల్ ఏమీ ఎరగనట్టు వాళ్లతో కబుర్లు చెబుతూనే వైర్‌లెస్‌లో లండన్‌కు సమాచారం పంపాడు. మాంట్రోజ్ కంటే వేగంగా వెళ్లే లారెంటిక్ ఓడ ఎక్కిన స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ వాల్టర్ డ్యూ, కెనడా తీరంలో ముందే కాపు వేశాడు. జులై 31న నిందితుడు దొరికిపోయాడు. వైర్‌లెస్ సాయంతో హంతకుడు చిక్కడం అదే మొదలు.

అమెరికాలో ఎఫ్‌బీఐ ‘మోస్ట్ వాంటెడ్’ పదిమంది జాబితా 1950 మార్చి 14న మొదలైంది. అందులోకి ఎక్కిన వాళ్లలో 160 మందికి పైగా జనం ఇచ్చిన సమాచారంతోనే దొరికారు.

అన్నిటికంటే గుండెను మెలిపెట్టేది టెడ్ కజిన్‌స్కీ కథ. 1978 నుంచి 1995 దాకా బాంబులు పంపి ముగ్గురిని చంపి, 23 మందిని గాయపరిచాడు. అతడు రాసిన సుదీర్ఘ వ్యాసం 1995 సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్ట్‌లో అచ్చయింది. ఇది మీ అన్న పనేమో చూడమని తమ్ముడు డేవిడ్‌కు ముందుగా చెప్పింది అతని భార్య. డేవిడ్ పాత ఉత్తరాలు తీసి పోల్చి చూశాడు. తోడబుట్టినవాడిని పట్టివ్వడానికి ఎంత నలిగిపోయి ఉంటాడో! 1996 ఏప్రిల్‌లో మోంటానా అడవిలోని గుడిసెలో టెడ్ అరెస్టయ్యాడు. బహుమతిగా వచ్చిన పది లక్షల డాలర్లలో చాలా భాగాన్ని డేవిడ్ బాధిత కుటుంబాలకే ఇచ్చేశాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఫలానా అధికారి ఏసీబీ వలలో చిక్కాడన్న వార్త వెనక సాధారణంగా ఒక ఫిర్యాదుదారు ఉంటాడు. పాసుపుస్తకం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన రైతో, బిల్లు ఆగిపోయిన చిన్న కాంట్రాక్టరో. మధ్యవర్తుల ఎదుట నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పూసినట్టే తెలియదు. లంచం అందుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. నోట్లు దాచిన జేబు గుడ్డ ముంచినా అంతే. ఆ నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి సాక్ష్యంగా భద్రపరుస్తారు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే ముందే చెప్పి ఏసీబీ తరఫున ఇచ్చినవారికి ఆ నిబంధన వర్తించదు; బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఈ సంగతి ప్రతి తహసీల్దారు ఆఫీసు గోడ మీదా పెద్దక్షరాలతో రాయాలని నా కోరిక. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

సమాచారం ఇవ్వడమే కాదు, కళ్లముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేసినవాడిని మామూలు పౌరుడు కూడా అరెస్టు చేయొచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. కాకపోతే ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. పాత చట్టంలో ఈ గంటల లెక్క లేదు. పట్టుకునే హక్కే తప్ప చెయ్యి చేసుకునే హక్కు ఎవరికీ లేదు. ఆ హద్దు మరిచే 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు నమ్మి, తెలంగాణలో అమాయకుల ప్రాణాలు తీశారు.

దేవుళ్లను ఎత్తుకెళ్లే దొంగల్ని పట్టించినవాళ్లూ ఉన్నారు. సింగపూర్‌లో షిప్పింగ్ రంగంలో పనిచేసే ఎస్. విజయ్ కుమార్, ఆయన మిత్రులు విదేశీ మ్యూజియంల కేటలాగులను పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ తీసిన పాత గుడి ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎంత మెరుగుపెట్టినా పోతలో పడిన లోపాలు, విరిగిన అంచులు పట్టిచ్చేస్తాయి. తమిళనాడు శ్రీపురందన్ నటరాజు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలి, 2014లో తిరిగొచ్చాడు. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి మాయమైన సున్నపురాయి శిల్పం కూడా అదే గ్యాలరీలో బయటపడింది. గ్యాలరీ దాన్ని 2005లో కొన్నది. చందవరంలో ఉన్నప్పుడు తీసిన పాత ఫొటో దొరికాక ఇక బుకాయించడానికి లేకపోయింది. 2016లో శిల్పాన్ని మన దేశానికి అప్పగించారు.