బాకీ నిజమే, బండి మనది కాదు

మగ్రిబ్ నమాజు తరువాత ఒక పెద్దాయన మదర్సాకు వచ్చి మా ఎదుట కూర్చున్నారు. చేతిలో ఎఫ్ఐఆర్ ప్రతి ఉంది. "మౌల్వీసాబ్, నేను దొంగనా?" అని మాత్రం అడిగారు.

ఆయన మొహల్లాలోని ఒక సోదరునికి 60,000 రూపాయలు చేబదులిచ్చి నాలుగేళ్లయింది. ప్రోనోటు లేదు. అడిగిన ప్రతిసారీ నేడు, రేపు అనే జవాబే. చివరకు విసిగి, కొడుకును పంపి, బాకీదారు వాకిట్లోని మోటారు సైకిలును తెప్పించి తన ఇంట ఉంచుకున్నారు. డబ్బిచ్చి తీసుకువెళ్లమని కబురు కూడా పంపారు. బాకీదారు బాకీ ఊసెత్తకుండా, బండి దొంగిలించారని పోలీసులకు రాసిచ్చాడు. కొడుకు గల్ఫు ప్రయాణానికై పెట్టుకున్న పాస్‌పోర్టు దరఖాస్తు పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది.

దాచలేదు, అమ్మలేదు, ఇది దొంగతనమెట్లా అవుతుందని ఆయన బాధ. అయితే 1895లోనే కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ ప్రశ్నను విచారించింది. బాకీ రాబట్టుకునే ఒత్తిడి కోసమే అయినా, బాకీదారుని ఆధీనంలోని చరాస్తిని అతని సమ్మతి లేకుండా తీసుకుపోవడం దొంగతనమేనని తేల్చింది. నాటి శిక్షాస్మృతి 378వ సెక్షనులోని నిర్వచనమే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షనుగా కొనసాగుతున్నది. శిక్ష మూడేళ్ల వరకు జైలు.

మరి షరీఅత్ మాటేమిటి? భర్త అబూ సుఫ్యాన్ (రజి) ఇంటి ఖర్చుకు చాలినంత ఇవ్వడం లేదని హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ ధర్మసమ్మతంగా సరిపోయేంత తీసుకోవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. పెద్దాయన ఈ హదీసునే ఆధారంగా చూపారు. కానీ అది భార్యాబిడ్డల పోషణకు సంబంధించిన విషయం. దానిని ఇతర బాకీలకు ఎంతవరకు వర్తింపజేయాలనే విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయమున్నది. హనఫీ మద్‌హబ్‌లోని ప్రాచీన అభిప్రాయం ప్రకారం, బాకీ ఏ జాతి వస్తువో ఆ జాతి వస్తువునే తీసుకోవచ్చు. నగదు బాకీకి నగదు. తరువాతి పండితులు కొందరు దీనిని సడలించిన మాట నిజమే. అయినా కన్నకొడుకును కేసులో ఇరికించే పద్ధతికి ఆ సడలింపును సాకుగా చూపడం మాకు సమ్మతం కాదు.

అటు బాకీదారుడూ నిర్దోషి కాడు. స్తోమత ఉండీ బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమని హదీసు స్పష్టం చేస్తున్నది. బండి సంగతి రాసి, దాని వెనుకనున్న బాకీని మింగేయడం సాక్ష్యాన్ని దాచడం కాదా?

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఉన్నది. ఆ చేబదులు మా సమక్షంలోనే జరిగింది. కాగితం రాసుకోండని చెప్పబోయి, ఇద్దరూ నొచ్చుకుంటారని ఊరుకున్నాము. అల్ బఖరా 282వ ఆయతును, దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆ రుణపత్ర ఆయతును, ఏటా పిల్లలకు బోధించేది మేమే! సాధారణంగా చేబదులుపై దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపు బాకీదారు కొంతైనా చెల్లించి, ఆ చెల్లును రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. కాగితమూ లేక, చెల్లూ లేక, నాలుగో ఏడు వచ్చేసరికి పెద్దాయనకు సివిల్ కోర్టు తలుపు మూసుకుపోయింది. ఆయన చూపు బండి మీద పడింది అప్పుడే.

మస్జిదె నబవీలో కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీ అడుగుతుండగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. దైవప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం మాఫీ చేయమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, బాకీదారుని వైపు తిరిగి, లేచి మిగతాది చెల్లించమన్నారు. మన పంచాయితీలలో మాఫీ మాట బాగానే వినిపిస్తుంది, ఈ రెండో మాటే జారిపోతుంది.

మరుసటి జుమా నాడు ఇద్దరినీ కూర్చోబెట్టాము. 40,000కు ఒప్పందం కుదిరింది. సగం అక్కడే చేతులు మారింది, మిగతాదానికి ఈసారి కాగితం రాయించాము. కానీ నమోదైన కేసు మన నోటిమాటతో పోదు. రాజీని కోర్టు ముందు నమోదు చేయించాలి. ఇద్దరూ ఒకే ఆటోలో వకీలు దగ్గరికి వెళ్లి వచ్చారు, లోక్ అదాలత్ తేదీ కోసం చూస్తున్నారు. బండి మాత్రం పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు ఎండుతున్నది.